గింకోకి కట్టిన మొలతాడు

నవంబర్ 3, ఆదివారం

"మా బావ చెయ్యి పడిన చెట్టు బతకదు" అన్నాడు. పందొమ్మిదేళ్ళయింది. మరిచిపోలేదు, మరిచిపోను.

అన్నది దశరథరామయ్య, మా ఆవిడ కమల తమ్ముడు. మా అమ్మాయి భువన పెళ్ళి భోజనాల్లో, రెండో బంతి లేస్తుంటే, చేతులు కడుక్కునే చోట అందరూ వినేట్టు అన్నాడు. రబ్బరు ఎస్టేటు బళ్ళో తెలుగు పంతులు కదా, గొంతు పెద్దది. వియ్యాలవారి వైపు వాళ్ళు కూడా నవ్వారు. అసలు సంగతేమిటంటే వంతెన అవతల మలేసియాలో, జొహోర్‌లో వాడి పెరట్లో రంబుటాన్ పళ్ళ చెట్టుకి నేను కొమ్మలు కొట్టాను, ఆ ఏడే అది ఎండింది. దాని వేళ్ళకి ముందే చెద పట్టింది. ఆ రోజే చెప్పాను. చెప్పే ఉంటాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊరి రోడ్ల పక్క చెట్లు చూసిన చెయ్యి ఇది. నా చదువు మూడో తరగతి. వాడు పంతులు. అయితే చెట్టు సంగతి వాడు నాకు చెప్పాలా?

ఇవాళ మనవరాలు అనన్య పాత నోటు పుస్తకం తీసి ఎందుకు రాస్తున్నానంటే, కుండీలో గింకో చెట్టుకి ఒక ఆకు పసుపు తిరిగింది.

కింది కొమ్మకి. ఒక్కటే. అంచు నుంచి లోపలికి, దీపం వెలిగినట్టు. చలి దేశాల్లో ఆకులు రాలే ముందు ఈ చెట్టు మొత్తం బంగారమవుతుందట, మనవరాలు ఫోన్‌లో బొమ్మలు చూపించింది. సింగపూర్‌లో చలి లేదు, ఇక్కడ రంగు మారదు అని అందరూ అంటారు. నా చెట్టు మారింది. వుడ్‌ల్యాండ్స్‌లో, తొమ్మిదో అంతస్తులో, నా గుమ్మం ముందు.

వాడు చూడాలి ఇది.

నవంబర్ 5

ఇంకో ఆరు.

నవంబర్ 10, ఆదివారం

కుండీ పావు వంతు తిప్పాను. ప్రతి ఆదివారం తిప్పాలి, లేకపోతే వెలుగు వైపుకే వంగిపోతుంది. నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున్నే. మట్టి సగం, ఇసక సగం. పడమటి ఎండ తగలనివ్వకూడదు, ఆకు అంచు మాడుతుంది. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ చెట్టు పుట్టింది పాయసంలో. పక్కింటి చైనా ముసలమ్మ చెప్పిందని కమల మార్కెట్టు నుంచి ఆ తెల్ల గింకో గింజలు తెచ్చింది. వాళ్ళు తీపి నీళ్ళల్లో వేసుకుంటారు, కమల సేమ్యా పాయసంలో వేసింది. చేదుగా ఉందన్నాను. ఒక గింజ పగలకుండా మిగిలింది. పెసలు మొలకెత్తించినట్టు దాన్ని తడిగుడ్డలో చుట్టి పెట్టింది. నేను నవ్వాను. నెలన్నరకి తోక వచ్చింది. మైలో డబ్బాలో పాతింది.

నాలుగు ఆకులు వచ్చిన రోజు మనవాళ్ళ కొట్లుండే సెరంగూన్ రోడ్డుకి వెళ్ళి నల్ల మొలతాడు కొనుక్కొచ్చి కాడకి కట్టింది, పసిబిడ్డకి కట్టినట్టే, రెండు వేళ్ళు దూరేంత వదులుగా.

"చెట్టుకి మొలతాడేమిటే?" అన్నాను.

"దిష్టి తగలకుండా. ఊళ్ళోవాళ్ళ కన్నా ముందు నీ దిష్టే తగుల్తాది దీనికి. పొద్దస్తమానం దాన్నే చూస్తన్నావు."

అదే తాడు ఇప్పటికీ ఉంది. నైలాన్ది, వానకి తడిసినా చివకదు. కమల పోయి మూడేళ్ళు దాటింది. జూన్ నెల. అప్పుడు కరోనాకి జొహోర్ వంతెన మూసి ఉంది, అటువాళ్ళు ఇటు రాలేరు. సరే, రాలేకపోయాడు. ఫోను? ఒక్క ఫోను చేశాడా? తోడబుట్టింది పోతే.

నవంబర్ 12

పొద్దున భువన బట్టలు ఆరేస్తూ చెట్టు దగ్గర ఆగింది.

"నాన్నా, ఆ తాడు బిగిసినట్టుంది చూడు."

"నీ కళ్ళద్దాలు తుడుచుకో."

"పిల్లలకైనా ఏటా మారుస్తాం కదా మొలతాడు."

"ఇది పిల్ల కాదు, చెట్టు."

"మరి అమ్మ ఎందుకు కట్టిందంట?"

దీనికి మేనమామ నోరు వచ్చింది. ఆ ముడి కమల వేసింది. నా కంఠంలో ప్రాణం ఉండగా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు.

నవంబర్ 17, ఆదివారం

మధ్యాహ్నం వాన. కుర్చీలోనే కునుకు పట్టింది. వరండా పొడుగునా పసుపు ఆకులు, చీలమండల దాకా. ఒక్కోటీ చిన్న విసనకర్ర. కమల ఒకటి పట్టుకుని విసురుకుంటోంది.

"ఎప్పుడొచ్చావు?" అన్నాను.

"వంతెన తెరిచారు కదా" అంది.

లేచేసరికి వాన ఆగింది. అటు ఒడ్డున జొహోర్ మేడలు కడిగినట్టు కనిపిస్తున్నాయి. చెట్టు కింద నిజంగానే రెండు ఆకులు పడి ఉన్నాయి. రెండే.

పని రోజులు గుర్తొచ్చాయి. రోడ్డు పక్క పిల్ల చెట్టుకి కర్ర పాతి రబ్బరు పట్టీతో కడతాం, గాలికి ఒరగకుండా. ఆరు నెలలకోసారి ఆ పట్టీ వదులు చేయాలి. మరిచిపోయినవాణ్ణి నేను తిట్టిన తిట్లు తమిళంలో, మలాయిలో, తెలుగులో గ్యాంగులో అందరికీ కంఠతా వచ్చు. కట్టినవాడే విప్పాలిరా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు అని.

నవంబర్ 24, ఆదివారం

మొత్తం పసుపు. ఒక్క ఆకు పచ్చగా లేదు. పొద్దున ఎండ దాని మీద నుంచి మా తలుపు మీద పడితే తలుపు కూడా పసుపే.

మూడు గుమ్మాల అవతల ఉండే సాదత్ లిఫ్ట్ దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు. హైదరాబాద్ వాడు, బ్యాంకులో కంప్యూటర్ పని. వాళ్ళావిడ సఫియాని కూడా పిలిచాడు.

"మాషా అల్లా! అంకుల్, ఇది మన సింగపూర్లనేనా? కశ్మీర్ లెక్కుంది."

"చెయ్యి అంకుల్ది కదా" అంది సఫియా, ఫొటో తీస్తూ.

విన్నావా దశరథరామయ్యా.

అనన్య ఫోన్ చూస్తూ అంది. "తాతా, దిస్ ట్రీ నీడ్స్ వింటర్ లా. ఆకులు పడిపోయాక రెండు మూడు నెలలు చలిలో పడుకోవాలంట. లేకపోతే నెక్స్ట్ ఇయర్ వీక్ అయిపోతుంది. కొంతమంది ఫ్రిజ్‌లో పెడతారు, సీరియస్."

"నా ఫ్రిజ్‌లో చెట్టు పెడితే నేను హాకర్ సెంటర్‌లో తిండి కొట్ల మధ్య కర్చీఫ్ వేసి టేబుల్ చోప్ చేసుకుని అక్కడే కాపురం ఉంటా" అంది భువన.

సాదత్ పడీ పడీ నవ్వాడు. "మా ఇంట్ల కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది కదా అంకుల్, అద్దం తలుపుది. రంజాన్ దాంక ఖాళీనే ఉంటది. ఇఫ్తార్లు మొదలైతే మాత్రం మాకు కావాలె."

"రంజాన్ ఎప్పుడు?"

"మార్చి మొదట్ల."

"అప్పటికి లేస్తుంది" అన్నాను.

డిసెంబర్ 1, ఆదివారం

నిన్నటితో ఆకులన్నీ రాలాయి. కొన్ని ఈ పుస్తకంలో పెట్టాను. అరలు తీసేసి కుండీతో సహా చెట్టుని అద్దాల ఫ్రిజ్‌లో నిలబెట్టాం. సరిగ్గా పట్టింది, దాని కొలతకే చేసినట్టు. సాదత్ తలుపు మూశాడు. లోపల తెల్ల దీపం. పెళ్ళికూతుర్ని గదిలో కూర్చోబెట్టినట్టుంది.

వారానికి ఒక గిన్నెడు నీళ్ళు చాలు. ఎక్కువ పోస్తే వేరు కుళ్ళుతుంది.

డిసెంబర్ 8, ఆదివారం

పొద్దున్నే వెళ్తున్నాను. సఫియా ముక్కాలి పీట వేసి టీ ఇస్తుంది, తన పని తను చూసుకుంటుంది. నేను ఆ అద్దం ముందు కూర్చుంటాను. అద్దానికి చెమట పడుతుంది, చెట్టు మసకబారుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. బయట ఇంత ఉక్క. లోపల ఏ దేశమో. ఆ దేశంలో కమల శాలువా కప్పుకుని నడుస్తుంటుంది. ఆమెకి శాలువా లేదు, ఈ ఊళ్ళో ఎందుకు కొంటాం. అయినా కప్పుకునే కనిపిస్తుంది. ఎంత చలిగా ఉందని అడిగితే వేలితో అద్దం మీద గీత గీస్తుంది.

టీ చల్లారిపోతోంది రోజూ.

డిసెంబర్ 22

ఆకు లేకపోతే చెట్టు ఎంత సన్నం.

జనవరి 5, ఆదివారం

సఫియా అద్దం తుడుస్తూ వంగి చూసింది.

"అంకుల్, దీని నడుముకాడ ఏమైంది? తాడు మీద ఉబ్బింది, కింద సన్నగున్నది."

"అద్దం వంకర" అన్నాను.

"అట్లనా" అంది. మళ్ళీ చూసింది.

టీ తాగకుండా వచ్చేశాను.

జనవరి 6

అద్దం వంకరే.

జనవరి 9

తలుపు తీసి చూశాను. అద్దం వంకర కాదు.

జనవరి 12, ఆదివారం

రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఎవరు చదువుతారు.

ఆకు చేసుకున్న తిండి బెరడులోంచి కిందికి దిగాలి, వేరుకి చేరాలి. బెరడుకి ఉరి పడితే అక్కడే ఆగిపోతుంది. పైన ఉబ్బుతుంది. కింద వేరు పస్తుంటుంది. వేరు పస్తుంటే ఆకు పాలిపోతుంది. ఇది నేను నా గ్యాంగులో ఎంతమందికి చెప్పానో.

అది బంగారం కాదు. ఆకలి. చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి దాని ఆకలి చూపించి మురిసిపోయాను.

అక్టోబర్‌లోనే తాడు కింద వేలు పెట్టి చూశాను. రెండు వేళ్ళు కాదు, గోరు కూడా దూరలేదు. చూసి, కుండీ అటు తిప్పి, ముడి గోడ వైపు పెట్టాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం పావు వంతు తిప్పానని రాశాను గదా. అటు తిప్పి, మళ్ళీ ఇటు తెచ్చేవాణ్ణి. ముడి ఎప్పుడూ గోడ వైపే.

ఇంకొకటి. భువన పెళ్ళిలో వాడు ఆ మాట అన్నప్పుడు కమల కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక అడిగాను. "నా తమ్ముడు అబద్ధం చెప్పడు, అతిగా చెప్తాడంతే" అంది. అది నాకు ఇన్నాళ్ళూ మింగుడు పడలేదు. అందుకేనేమో ఆమె తాడు కట్టి చెట్టు నా చేతికిచ్చినప్పుడు నాకు అంత సంతోషం.

జనవరి 19, ఆదివారం

కొమ్మలు దిద్దే కత్తి పదును పెట్టి సాదత్ ఇంటికి వెళ్ళాను. కుండీ బయటికి తీసి బల్ల మీద పెట్టించాను. ముడి మాత్రం పైకే ఉంది, చిన్న మిరియపు గింజంత. రెండు చుట్లు తిప్పి వేసింది కమల, ఆమె జడ రిబ్బను కూడా అలాగే వేసేది. మిగతా తాడంతా బెరడు మింగేసింది.

కత్తి ఆనించాను. చెయ్యి కదల్లేదు, అంతే.

"రేపు చేద్దాం అంకుల్" అన్నాడు సాదత్. చెట్టుని మళ్ళీ లోపల పెట్టాం.

ఎన్ని వేల కొమ్మలు కొట్టాను నేను.

జనవరి 26

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

భువన కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. కూర్చుందంటే గొడవే.

"సఫియా చెప్పింది. నేను కొయ్యనా?"

"వద్దు."

"సాదత్ గారు?"

"వాళ్ళెవరే, కమల వేసిన ముడి కొయ్యడానికి?"

"అయితే మామయ్యని పిలు. అమ్మ ముడి మీద నీ తర్వాత ఆయనకే హక్కు."

"వాడా! అక్క పోతే ఒక్క ఫోను చెయ్యనివాడా?"

భువన గ్లాసు కింద పెట్టింది.

"నాన్నా, నేను పక్కనే ఉన్నాను కదా ఆ రోజు."

"ఉంటే?"

"పదకొండు సార్లు చేశాడు. ఫోను నీ చేతిలో ఉంది. మోగినప్పుడల్లా నొక్కేశావు. నేను ఇవ్వమంటే జేబులో పెట్టుకుని కిందికి వెళ్ళిపోయావు."

"నువ్వు లెక్కపెట్టావా?"

"మామయ్య లెక్కపెట్టాడు. ప్రతి నెలా నాకు ఫోను చేసి అమ్మ పెట్టిన మొక్క ఎలా ఉందని అడుగుతాడు. నీ సంగతి అడగడు. చివర్లో మాత్రం, బావ తిరుగుతున్నాడా అంటాడు."

లోపలి నుంచి అనన్య అరిచింది. "తాతా, ఎంఆర్‌టీ మ్యాప్‌లో చూస్తే జొహోర్ తాతగారిల్లు జురాంగ్ ఈస్ట్ స్టేషన్ కంటే దగ్గర, యూ నో? జస్ట్ వన్ బ్రిడ్జ్."

"నోరు మూసుకుని చదువుకో" అన్నాను.

ఫిబ్రవరి 3

పదకొండు సార్లు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆ రోజు వాడు ఒక మాట కూడా పంపాడట, గొంతుతో. నాకు ఫోనులో చదవడం కష్టమని రాయలేదు. దాన్ని భువన తన ఫోనులోకి ఎక్కించి దాచింది. ఇవాళ విన్నాను. వరండాలో, కుండీ ఉండే చోట నిలబడి. అక్కడ నేల మీద గుండ్రంగా నీటి మరక ఉంది, అది ఇంకా పోలేదు.

"బావా, ఒక్కసారి ఎత్తు. తిట్టుదువుగాని, తర్వాత తిట్టు. అక్క మొహం చూపించు. పెట్టె మూసేముందు ఒక్కసారి చూపించు బావా."

పంతులు గొంతు కాదు అది. ఎవరో పిల్లవాడి గొంతు.

మళ్ళీ పెట్టమన్నాను. భువన పెట్టింది.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం నిద్రలో వంతెన మీద ఉన్నాను. బస్సుల్లేవు, మనుషుల్లేవు, అటు చివరి దాకా పసుపు ఆకులే. చెట్టు నా భుజం మీద ఉంది, పెళ్ళిలో అరటిచెట్టు మోసినట్టు మోస్తున్నాను. కమల ముందు నడుస్తోంది. వెనక్కి తిరగదు. "వదులుగానే కట్టానయ్యా" అంటోంది. "వదులుగానే కట్టాను."

ఫిబ్రవరి 15, శనివారం

చెట్టు దగ్గరికి వెళ్ళాను. కొమ్మ చివర మొగ్గ మీద గోటితో గీరి చూశాను. లోపల పచ్చ ఉంది. ప్రాణం ఉంది. బయటికి వచ్చి చిగురు వేసే లోపు తాడు తెగాలి. చిగురు వేశాక ఆ ఉరి ఉంటే చిగురే దాని ఆఖరి ఖర్చు.

సఫియా మెల్లగా గుర్తు చేసింది, రెండు వారాల్లో రంజాన్ అని. "మీకు ఇంకా టైం కావాలంటే ఉంచుకోండి అంకుల్, మేము సర్దుకుంటం" అంది. వద్దన్నాను. మాట అన్న తర్వాత మాటే.

ఉత్తరం రాస్తున్నాను. ముందు ఇక్కడ రాసి, తప్పులు కొట్టేసి, మంచి కాగితం మీద ఎక్కిస్తాను. అనన్య ఫొటో తీసి పంపుతానంది. టైపు చేస్తానంది కూడా, వద్దన్నాను. నా రాత వాడికి తెలుసు.

దశరథరామయ్యకి,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని భువన చెప్పింది.

నీ అక్క పెట్టిన చెట్టు మా పక్కవాళ్ళ అద్దాల ఫ్రిజ్‌లో నిద్రపోతోంది. నవ్వకు, అది చలి దేశపు చెట్టు. దాని నడుముకి నీ అక్క మొలతాడు కట్టింది. చెట్టు పెరిగింది, తాడు పెరగలేదు. బెరడులోకి దిగిపోయింది. వదులు చెయ్యాల్సినవాణ్ణి నేను. చూసి కూడా చెయ్యలేదు. మా బావ చెయ్యి పడిన చెట్టు అన్నావు ఆ రోజు. ఈ చెట్టు విషయంలో నీ మాట ఇంకా నిజం కాలేదు, కాని దగ్గరికి వచ్చింది.

రంబుటాన్ చెట్టుకి చెద ఉందని నేను నీకు చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. చెప్పలేదేమో.

కమల పోయిన రోజు నువ్వు పదకొండు సార్లు చేశావు. వంతెన మూసెయ్యడం నా చేతిలో లేదు. ఫోను నా చేతిలోనే ఉంది. ఎందుకు ఎత్తలేదంటే, నీకు ఆమె మొహం చూపిస్తే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను నిలబడలేను. కోపం కాదు. కోపమని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. అది తప్పు. ఒక్కసారే రాస్తున్నాను, మళ్ళీ రాయను, నువ్వు కూడా మళ్ళీ ఎత్తకు.

ఆ ముడి నేను కొయ్యలేకపోతున్నాను. ప్రయత్నం చేశాను. నువ్వు రా. కత్తి పదును పెట్టి ఉంచుతాను. నేను చెట్టుని పట్టుకుంటాను, నువ్వు కొయ్యి. ముడి పాడు కాకుండా పక్కన ఎక్కడ కొయ్యాలో చెప్తాను. నువ్వు పంతులివి, ఒకరు చెప్తే వినే అలవాటు లేదు, ఆ ఒక్క పూట విను. ముడి నువ్వు తీసుకెళ్ళు. చెట్టుని కూడా అడగొచ్చు, ఇవ్వను.

ఫిబ్రవరి 23, ఆదివారం, పగలు పదకొండు గంటలు. ఆ తర్వాత చెట్టు ఆగదు. నువ్వు రానంటే ఆ పదకొండుకే నేను కళ్ళు మూసుకుని కోస్తాను, తాడుతో పాటు చెట్టు తెగితే ఇద్దరి పేరూ చెప్పుకుంటాను.

వస్తావా, రావా? రెండిట్లో ఒకటి చెప్పు. చూస్తాను, ఆలోచిస్తాను అనొద్దు. ఇరవై రెండో తేదీ, శనివారం, సాయంత్రం ఆరు లోపు ఫోను చెయ్యి. ఎత్తుతాను.

దానయ్య